నాకు పట్టు తప్పిన రోజు

నేను ఒక క్లచ్‌ని. మామూలు క్లచ్‌ని కాదు, కరెంటు క్లచ్‌ని. గడ్డి తిని బతికే పెద్దమనుషుల్ని మీరు చూసే ఉంటారు. నేను గడ్డి కోసి బతికే రకం. ఒళ్లంతా రాగితీగ చుట్టలే గానీ చుట్టాలు లేరు. తోటపని ట్రాక్టరు కడుపు కింద నా కాపురం. డ్రైవరు మీట లాగగానే నాలో కరెంటు పారి అయస్కాంతమైపోతాను. ఎదురుగా ఉన్న ఇనుప పళ్లేన్ని ఠక్కున లాక్కుంటాను. కింద బ్లేడ్లు గిర్రున తిరుగుతాయి. పెళ్లిళ్లలో పట్టుని గజాల్లో కొలుస్తారు, నా పట్టుని ఎకరాల్లో కొలవాలి.

మొదట్లో ఒక క్లబ్బులో ఉండేదాన్ని. అక్కడి దొరలు చిన్న బంతిని తామే దూరంగా కొట్టి, తామే పొద్దుపోయేదాకా వెతుక్కునేవారు. ఆ తెలివితేటలకు దణ్ణం పెట్టి, వేలంలో కడియం చేరాను, నూకరత్నంగారి నర్సరీకి. అక్కడ పద్దెనిమిదేళ్లుగా మా డ్రైవరు అబ్బులు.

ఈ వేసవిలో నాకు పట్టు తప్పింది. మీట లాగితే మూలగడమే తప్ప కదలను.

"ఈ డొక్కుతో నా వల్ల కాదెహె. కొత్త బండొత్తాది. డ్రైవర్ని కూడా కంపెనీవోళ్లే ఇత్తారంట" అని తేల్చేశారు నూకరత్నంగారు. అంటే నేను తుక్కులోకి, అబ్బులు ఇంట్లోకి. పొద్దున్నే పాత ఇనుము ఆసామి ఆటోతో సహా దిగాడు.

"ఒక్క అరగంటండి అమ్మగారండి, ఆయ్" అంటూ అబ్బులు నా కిందకి దూరాడు. ఏళ్లుగా వాడి అరిగి నాకూ పళ్లేనికీ ఎడం పెరిగిందేమోనని, మధ్యలో శుభలేఖ ముక్క పెట్టి, దాని మందానికి సరిపడా నా మూడు నట్లూ బిగించి ముక్క లాగేశాడు. కాపురాలు కలిపేది శుభలేఖలే కదా! అయినా కదల్లేదు.

"ఇంకెంతసేపండీ? మీకది క్లచ్చేమో గానీ నాకు కిలోలండి" అన్నాడు ఆటో ఆసామి.

అప్పుడు అబ్బులు చెయ్యి నా ఎర్తు తీగ బిగించిన బోల్టుకి తగిలింది. బోల్టు ఎక్కడిది! ఎర్రగా, పచ్చగా ఓ గడ్డ. ప్రతి దసరాకీ నూకరత్నంగారు పసుపు, కుంకుమ తడిపి బండికి స్వయంగా రాస్తారు. కనపడేచోట ఎవరైనా రాస్తారు, కనపడని చోట రాస్తేనే భక్తి అని ఆవిడ సిద్ధాంతం. పద్దెనిమిది దసరాల భక్తి పేరుకుని బోల్టు చిలుమెక్కిపోయింది, కరెంటుకి దారి మూసుకుపోయింది. లోకంలో ఎవరికైనా ఎర్తు పెట్టేది శత్రువులు. నాకు మాత్రం భక్తులు!

బాగు చెయ్యడం తేలికే. కష్టమల్లా ఆ మాట ఆవిడతో చెప్పడమే. అబ్బులు నా కిందనుంచి బయటికి పాకాడు.

"తప్పు బండిది కాదండి అమ్మగారండి. భక్తి కొంచెం మందంగా పడిందండి."

"ఏంట్రా, నా పసుపుకే వంక పెడతన్నావా?"

"అమ్మవారు ఒప్పుకున్నా కరెంటు ఒప్పుకోట్లేదండి."

గరుకు కాగితంతో బోల్టు తళతళలాడేదాకా గీకి, బిగించి, సీటెక్కి మీట లాగాడు. ఠక్! ఎన్నాళ్లకు నా పళ్లెం నా ఒళ్లోకి వచ్చింది! కోసిన గడ్డి లేచి ఆటో ఆసామి నెత్తిన పడింది. అతను దులుపుకుంటూ ఖాళీ ఆటో తిప్పుకున్నాడు.

నూకరత్నంగారు లోపలికెళ్లి కుంకుమ గిన్నెతో వచ్చారు. అబ్బులు ఇంజను ఆపి, కిందకి దూకి, నాకు అడ్డంగా చేతులు చాపాడు.

"ఇంకెక్కడైనా పెట్టండమ్మగారండి, అక్కడొద్దండి!"

"ఎక్కడైనానా?" అంటూ ఆవిడ అతని నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టారు. "ఎక్కు మరి. ఆ మూల మడిలో గడ్డి ఎవరు కోత్తారు, కొత్త డ్రైవరా?"

అబ్బులు ఎక్కాడు. మీట లాగాడు. నేను గట్టిగా పట్టుకున్నాను.