స్టోరులో ఉన్నవి

బ్రెండెల్ గారి ఇంగ్లీషు దిద్దడం మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, రాత్రంతా నానిన ఎంగిలి గిన్నెల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టినట్లుంటుంది.

ఆయనది జర్మనీ. బహ్రెయిన్‌లో అవాలి ఊరు దాటాక ఎడారిలో గోడ కట్టి వేసిన మా నలభై ఇళ్ళ కాంపౌండులో మూడో నంబరు ఇల్లు ఆయనది. మా వారు భీమేశ్వరరావు పనిచేసే కంపెనీకి సలహాదారుగా వచ్చాడు. కాంపౌండులో అందరూ ఆయన్ని మేయర్ గారనేవాళ్ళు. వెటకారానికి కాదు. వైడెన్‌రోడె అనే ఊరికి ఆయన నిజంగానే పదిహేనేళ్ళు మేయరుగా చేశాడు. పెద్ద నగరానికి ఆనుకుని ఉన్న చిన్న ఊరది. జనాభా పంతొమ్మిది వందలు. మన లెక్కలో ఒక మోస్తరు పంచాయతీ. 1193లో ఒక మఠం దస్తావేజులో ఆ ఊరి పేరు మొదటిసారి కనిపించిందట. అందుకని ఈ ఏడాది ఎనిమిది వందల ఏళ్ళ పండుగ. వాళ్ళ ఊరితో స్నేహం కలుపుకున్న ఊరొకటి ఇంగ్లండులో ఉంది. ఆ ఊరివాళ్ళ కోసం ఆయన తమ ఊరి చరిత్రను ఇంగ్లీషులో రాస్తున్నాడు. నేను కాకినాడలో హిస్టరీ బి.ఏ. చేశానని, టైపు వచ్చని మా వారు ఎక్కడో అన్నారు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆయన కాగితాలు నా బల్ల మీద.

చెప్పొద్దూ, బాగుండేది. పదిహేడో శతాబ్దంలో ముప్పై ఏళ్ళ యుద్ధం అయ్యేసరికి ఊళ్ళో పొయ్యి వెలిగే ఇళ్ళు పదకొండే మిగిలాయట. తర్వాత ఇటికల బట్టీ వచ్చింది. ట్రాము వచ్చాక నగరంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. డెబ్బైలలో ఊరిని నగరంలో కలిపేస్తామని పైవాళ్ళంటే, పదహారుమంది సభ్యుల పంచాయతీ మూడేళ్ళు పోట్లాడి నిలబెట్టుకుంది. మేయరుకి జీతం లేదు. చుట్టుపక్కల ఐదు ఊళ్ళు కలిసి ఒకే ఆఫీసు నడుపుకుంటాయి. మంటలార్పే దళంలో అందరూ ఊరివాళ్ళే. చర్చి గడియారం ఎవరు బాగుచేయించాలన్న తగాదా నాలుగేళ్ళు నడిచింది. దాని మీదే నాలుగు పేజీలు రాశాడు.

ఆయన రాసే ఇంగ్లీషుకి ఒక వింత ఉండేది. వస్తువుల్ని మనుషుల్లా రాసేవాడు. “తాళంచెవి, అతను నా దగ్గర ఉన్నాడు.” “ఎవరైతే అలమరలో ఉన్నారో ఆ ఫైళ్ళు.” వాళ్ళ భాషలో బల్ల మగది, గడియారం ఆడది. నేను వరసగా ‘అతను’లు కొట్టేసి ‘అది’ పెట్టేదాన్ని. ఎర్ర పెన్సిలు పట్టుకుంటే నాకు కాలేజీ రోజుల ఉత్సాహం వచ్చేది.

ఆయన ఇంట్లో పనికి సాయికుమారి ఉండేది. రాజోలు అవతలి పిల్ల. కాఫీ తెచ్చి పెట్టి, కాగితాల వైపు తొంగిచూసేది.

“అమ్మగారూ, అంతకాలం నాటి ఊళ్ళో జనం ఏం తినేవారండీ?”

“మఠానికి ఏడాదికి రెండు బాతులు ఇచ్చేవారట.”

“ఆయ్, మరాళ్ళకేం మిగిలేదండీ?”

ఆ ప్రశ్నకి చరిత్రలో జవాబు లేదు.

ఆమె భర్త జగ్గారావు మా కాంపౌండుకే ప్లంబరు. పెళ్ళై ఐదేళ్ళయితే అందులో మూడేళ్ళు అతనిక్కడ, ఆమె అక్కడ. కిందటేడు బ్రెండెల్ గారు పనిమనిషికి వీసా ఇస్తానంటే జగ్గారావు కాళ్ళావేళ్ళా పడి పెళ్ళాన్ని తెప్పించుకున్నాడు. అప్పటి మేనేజరు దయగలవాడు. పంపుహౌసు వెనక వరసగా రెండు గదులుంటే ఒకటి వీళ్ళకిచ్చాడు. రెండో దాంట్లో పాత ఏసీలు, పైపులు, విరిగిన కమోడ్లు. మేం స్టోరు అనేది దాన్నే. వీళ్ళ గదిలో ఒక మంచం, గ్యాసు పొయ్యి, బయట ఒక బట్టల తీగ. బహ్రెయిన్‌లో వాళ్ళలాంటి వాళ్ళకి మొగుడూ పెళ్ళాం ఒకే కప్పు కింద ఉండటం ఎంత అరుదో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పిల్ల సాయంత్రం ఆరయ్యేసరికి కొంగు బిగించి, చెప్పులు టపటపలాడించుకుంటూ పంపుహౌసు వైపు నడిచే నడకే వేరు.

బ్రెండెల్ గారు మా కాంపౌండుకీ కమిటీ పెట్టించాడు. ఐదుగురు సభ్యులు. ఆయన అధ్యక్షుడు, నేను రాతకోతల కార్యదర్శిని. ఎవరింటి ముందు వాకిలి వాళ్ళే ఊడ్చుకోవాలని రూలు. ఏ నిర్ణయమైనా నోటీసుగా బోర్డుకి అంటించాలి. మూడు రోజుల్లో ఎవరూ కాగితం మీద అభ్యంతరం రాసివ్వకపోతే అది చట్టమే. వైడెన్‌రోడెలోనూ ఇంతేనట. మే నెలలో ఆయనకి కమిటీ కూర్చోవడానికి సొంత గది కావాలనిపించింది. వాళ్ళ ఊళ్ళో పంచాయతీ భవనాన్ని రాట్‌హౌస్ అంటారు.

ఆ మాట నేను మా వారితో అంటుంటే విని జగ్గారావు మా సింకు కింద నుంచి తల బయటపెట్టాడు. “రాట్‌హౌసంటే ఎలకల కొంపాండీ? పంపుహౌసెనకాల ఆల్రెడీ ఉందండి. కొత్తగా కట్టక్కర్లేదు.”

నవ్వాను. ఆ గది కోసం నోటీసు అప్పటికే నా టైపుమిషనులో ఉంది.

బ్రెండెల్ గారు రాసిచ్చింది ఇది: “స్టోరులో ఎవరెవరు ఉన్నారో వారందరూ గురువారం సిత్రా వెళ్ళవలెను. తర్వాత ఆ స్థలం కమిటీ గది అగును.” సిత్రాలో కంపెనీ యార్డు ఉంది. పాతసామాను అక్కడికే పోతుంది. మళ్ళీ వస్తువుల్ని మనుషుల్ని చేశాడు అనుకున్నాను. ‘ఎవరెవరు’ కొట్టేశాను. “స్టోరులో ఉన్న సామాన్లన్నీ గురువారం సిత్రాకు తరలించబడును” అని శుభ్రంగా కొట్టి పంపాను. ఆయన చదువుకుని, తల ఊపి, సంతకం పెట్టాడు. ఆదివారం బోర్డుకి అంటించారు. పాతసామాను పోతుంటే ఎవరికి అభ్యంతరం? మూడు రోజులూ గడిచిపోయాయి.

బుధవారం పొద్దున్న టైపు చేస్తున్న పేజీలో ఒక వాక్యం తగిలింది. నాజీల పాలన పన్నెండేళ్ళకీ కలిపి ఆయన ఇచ్చింది పేజీంబావు. అందులో, “1942లో ఇటికల బట్టీలో తూర్పుదేశపు స్త్రీలు అరవైమందికి స్టోరు ఏర్పాటు చేయబడెను” అని ఉంది. స్త్రీలకి స్టోరేమిటి? కాగితం పట్టుకుని మూడో నంబరుకి వెళ్ళాను.

ఆయన కాఫీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. “లాగర్,” అన్నాడు. “మా భాషలో సామాను పెట్టేదీ లాగరే, పనివాళ్ళని పెట్టేదీ లాగరే. ఒకే మాట. మీరు స్టోరు అని ఉంచండి. క్యాంపు అంటే ఇంగ్లీషువాళ్ళకి వేరే అర్థం వస్తుంది.”

“వాళ్ళని రష్యా వైపు నుంచి పట్టుకొచ్చారా, వాళ్ళే వచ్చారా?”

“అప్పుడు నాకు మూడేళ్ళు, మేడమ్. ఊళ్ళో మగవాళ్ళు యుద్ధంలో ఉన్నారు. పంచాయతీ పనిచేసే చేతుల కోసం అర్జీ పెట్టింది. అంతా పద్ధతి ప్రకారం జరిగింది. తీర్మానం పుస్తకంలో ఉంది.”

బిస్కెట్టు ముక్క విరిగి కప్పులో పడింది. ఆయన దాన్ని చెంచాతో వెతికి తీసుకుని తిన్నాడు. అప్పుడు తట్టింది.

“మన నోటీసులో స్టోరు...”

“అవును. రెండు గదులూ ప్లానులో స్టోరే. జగ్గారావు సిత్రాలో పనివాళ్ళ క్యాంపుకి. సాయికుమారి మా వంటింటి పక్క గదిలో ఉంటుంది. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి, రాత్రి కూడా మనిషి ఉంటే మంచిది.”

“నేను సామాన్లు అని రాశాను.”

“చూశాను.” ఆయన నవ్వు మర్యాదగానే ఉంది. “నా మాట కంటే మీ మాట బాగుంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.”

“మీరు రాసిందే సరైనది. తప్పుగా దిద్దింది నేను. నోటీసు మార్చాలి.”

“గడువు అయిపోయింది. పది ఇళ్ళవాళ్ళు సంతకాలు చేస్తే ప్రత్యేక సమావేశం పెట్టొచ్చు. రూలు ఉంది కదా, మీరే టైపు చేశారు.”

వైడెన్‌రోడె కాగితాలన్నీ, టైపు చేసినవీ చేయనివీ, ఆయన బల్ల మీద పెట్టేశాను. “మిగతావి?” అని వెనక నుంచి అడిగాడు. తలుపు వేసుకుని వచ్చేశాను.

ఇంటి మెట్ల మీద సాయికుమారి కూర్చుని ఉంది. కాంపౌండు సూపర్వైజరు చెప్పినట్టున్నాడు.

“అమ్మగారూ, బోర్డు మీద సామాన్లని రాసేరు కదండీ. సామాన్లంటే మేవేనాండీ?”

“పొరపాటు జరిగింది.”

“ఎవరిదండీ?”

చెప్పలేకపోయాను. చెప్పలేకపోయానన్న మాట కూడా నన్ను నేను కాపాడుకోవడానికి రాస్తున్నదే. నోరుంది, మాట ఉంది, చెప్పలేదు.

కాగితం ఒకటి రాసి ఇల్లిల్లూ తిరిగాను. ఇంగ్లీషువాళ్ళిద్దరు చదివి వెంటనే సంతకం పెట్టారు. ఒక కేరళ నర్సమ్మ పెట్టింది. ఇక మనవాళ్ళ ఇళ్ళు. ఇరవై ఒకటో నంబరు బేబి గారిది నరసాపురం. ఊరి నుంచి తెచ్చిన మామిడితాండ్ర పెట్టి, కాగితం దూరంగా పట్టుకుని చదివారు.

“మనకెందుకండీ వదినగారూ? ఆ పిల్ల ఎండుచేపలు వేపితే మా బెడ్రూము దాకా కంపు. పైగా ఆ తీగ మీద లంగాలు, చొక్కాలు! తెల్లవాళ్ళ ముందు తలెత్తుకోలేకపోతున్నాం.”

ఆవిడ ఫ్రీజరులో మూడు పొట్లాల వంజరం ఎండుముక్కలున్నాయని నాకు తెలుసు. అందులోంచి ఒకటి కిందటి నెల నేనే తిన్నాను. తాండ్ర ముక్క నోట్లోంచి తీసి రుమాల్లో చుట్టుకున్నాను. తర్వాత ఇంట్లో మగవాళ్ళు లేరన్నారు, సాయంత్రం రమ్మన్నారు, పెన్ను రాయడం లేదన్నారు. ఒకాయన సంతకం పెట్టి, నేను గేటు దాటేలోపు పరుగున వచ్చి కొట్టేశాడు.

రాత్రి ఆ కాగితం మా వారి ముందు పెట్టాను.

“బ్రెండెల్ గారి రిపోర్టు మీద మన డిపార్ట్‌మెంటు ఆధారపడి ఉందని నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఒక్క గది గురించి...”

“గది కాదండీ. వాళ్ళిద్దరూ ఒకచోట ఉండటం.”

“మనం కూడా పెళ్ళయ్యాక రెండేళ్ళు విడిగా ఉన్నాం కదా. ఏమైంది?” అని ఆయన పేపరు మడతపెట్టి బల్ల మీద సమంగా సర్దారు. మూల మూలకి ఆనేలా. ఇరవై ఏళ్ళుగా నాకు నచ్చిన అలవాటది. ఆ రాత్రి మొదటిసారి చూడలేక లేచిపోయాను.

మూడు సంతకాలకి రూలు లేదు.

గురువారం పికప్ వచ్చింది. ముత్తన్న నడుపుతున్నాడు. జగిత్యాల వైపు మనిషి, సిత్రా క్యాంపులోనే ఉంటాడు. ముందు ఏసీలు ఎక్కాయి, తర్వాత పైపులు, కమోడ్లు. వాటి మీద మంచం. మంచం మీద జగ్గారావు రేకు పెట్టె.

“ఏందే జగ్గన్నా, దుబాయికచ్చినంక గూడ ఇల్లు మారుడేనా?” అని ముత్తన్న తాడు బిగించాడు. వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే.

“గదికి ఎంతమంది ముత్తన్నా?”

“పన్నెండుమందిమి. నువ్వస్తె పదముగ్గురం. ఫికర్ జెయ్యకు, నీ మంచం నా మంచం మీద కడ్తం.” తర్వాత నా వైపు తిరిగాడు. “అక్కా, సూపర్వైజరు కాయితం సదివిండు. సామాన్ అనే ఉన్నదట. ఈయినె గూడ సామానేనా?”

అందరూ నవ్వారు. జగ్గారావూ నవ్వాడు. సాయికుమారి నవ్వలేదు. బట్టల తీగ విప్పి చుట్టచుట్టి జగ్గారావు చేతికి ఇవ్వబోయింది. “అక్కడుంటదిలే, నువ్వుంచుకో,” అన్నాడు. ఎక్కడ కడుతుంది ఆ పిల్ల, మేయరు గారి వంటింట్లోనా? పంపుహౌసు దగ్గర బ్రెండెల్ గారు టేపుతో గది కొలతలు తీసుకుంటున్నాడు. నన్ను చూసి టోపీ తీశాడు.

మూడో నంబరు ఇంటికి పనిమనిషి బంధువులు రాకూడదని రూలు. కాబట్టి మర్నాడు శుక్రవారం జగ్గారావు, బజారుకి వెళ్ళే క్యాంపు బస్సెక్కి అవాలి మలుపులో దిగిపోయి, ఎండలో నడిచి వచ్చాడు. మా వంటింటి కిటికీలోంచి చూశాను. చెత్తడ్రమ్ముల పక్క జానెడు నీడలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. డ్రమ్ముల మీద ఈగలు ముసురుతున్నాయి. ఆమె గిన్నె మూత తీసి పట్టుకుంటే అతను నిలబడే తింటున్నాడు. ఒక చేత్తో ఈగలు తోలుతూ, రెండో చేత్తో అతని చొక్కా అంచు పట్టుకుని ఉంది.

వెళ్ళి పిలిచాను. మొదట రామన్నారు. నేను కదలకపోతే వచ్చారు. హాల్లో సోఫా మీద కాక గోడవారగా కింద కూర్చున్నారు. మా వారు పేపరు కిందకి దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు. నలుగురం ఉన్న ఆ గదిలో వాళ్ళిద్దరూ కనీసం ఒకరినొకరు చూసుకోలేకపోతున్నారు.

“చెప్పులు వేసుకోండి,” అన్నాను మా వారితో.

“ఎక్కడికి?”

“బయటికి.”

సాయికుమారి లేవబోయింది. “కూర్చోండమ్మా. ఫ్రిజ్జులో మజ్జిగ ఉంది. ఆ సామాన్లన్న మాట నేను రాసిందే. నోటీసు దిద్దింది నేనే,” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. క్షమించినట్లు లేదు, తిట్టినట్లూ లేదు. తల పక్కకి తిప్పుకుంది.

తలుపు దగ్గరగా వేసి వీధిలోకి నడిచాం. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. రెండు మలుపులు తిరిగాక మా వారు ఆగి నుదురు తుడుచుకున్నారు.

“ఎంతసేపు?”

“బస్సు తిరిగొచ్చే దాకా.”

“నాలుగింటి దాకానా? ఈ ఎండలోనా?”

ఆయన గొడుగు తెచ్చుకుంటానని వెనక్కి తిరిగారు. తలుపు కొట్టవద్దని చెయ్యి పట్టుకుని ఆపాను.