సగం విన్న పాట

రైలు చప్పుడు దగ్గర ఫిరోజ్ ఇయర్‌ఫోన్ తీసేస్తే? పాట అయిపోయిందనుకుంటే? ముందే చెప్పాలి, ఆగు, ఇంకా ఉంది అని. చెబితే బతిమాలినట్టుంటుంది. బతిమాలి వినిపించడంకంటే వినిపించకపోవడమే నయం. పోనీ మానేస్తే? ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

రత్నరాజు క్రేను నిచ్చెన మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. సముద్రపు తేమకి ఇనప మెట్లు చెమర్చి ఉన్నాయి. అరచేతి గీతల్లో మసీ తుప్పూ ఇంకిపోయాయి. గాజువాకలో ఇంటికెళ్ళి ఎంత రుద్దినా, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచేసరికి ఆ గీతలు నల్లగానే కనిపిస్తాయి. పొట్ట మెట్లకి తగులుతోంది. యాభై దగ్గర పడుతున్న మనిషికి ఒక పాట గురించి గుండె దడ.

పైనున్న అద్దాల గదిలో కూర్చుని, కాళ్ళ కింది అద్దాన్ని పాత బనీను ముక్కతో తుడిచాడు. కింద రేవుకి ఆనుకుని ఓడ. మూత తెరిచిన దాని కడుపులో బొగ్గు. ఆ అంచున నారింజరంగు హెల్మెట్.

"బావ, ఎక్కీసినావా?" రేడియోలో ఫిరోజ్ గొంతు.

"ఎక్కీసినాను."

"అయితే దించు. మెల్లిగా. కొంచెం ఎడమకి. దించు, దించు. ఆగు."

ఓడ అడుగు మూలలు క్రేను మీంచి కనబడవు. బొగ్గు పట్టే ఇనప పంజా ఎక్కడ దిగుతోందో అంచున నిలబడ్డ సిగ్నల్‌మేన్ చూసి చెప్పాలి. ఏళ్ళ తరబడి రత్నరాజు ఫిరోజ్ కళ్ళతోనే పని చేశాడు. రేపట్నుంచి ఎవరి కళ్ళో తెలీదు. ఫిరోజ్‌కి గుజరాత్‌లో ఒక రేవులో ఉద్యోగం దొరికింది. సాయంత్రం బండికి ప్రయాణం.

ఒకనాడు క్రేను చెడిపోయి ఇద్దరూ గోదాము నీడన కూర్చున్నప్పుడు, ఫిరోజ్ అడగనైనా అడక్కుండా ఇయర్‌ఫోన్ ఒక కొస తెచ్చి అతని చెవిలో పెట్టాడు. షిల్లాంగ్ కుర్రాళ్ళెవరో చేసిన పాట. అప్పటిదాకా రత్నరాజుకి పాటంటే చర్చిలోదో, పెళ్ళిలోదో, సినిమాలోదో. అన్నీ మనవైపు తిరిగి పాడేవే. ఈ కుర్రాళ్ళు గోడవైపు తిరిగి పాడుతున్నట్టున్నారు. వినేవాళ్ళుంటారన్న ఆశ పెట్టుకోకుండా పాడుతున్నారు. మాటలు సగం అర్థం కాలేదు కానీ, తను ఇంట్లోనూ చర్చిలోనూ రేవులోనూ ఎలా మసులుకుంటాడో అది ఎవరో చూసేసినట్టు ఒళ్ళు జలదరించింది.

అప్పట్నుంచి భోజనాలయ్యాక అదే అలవాటు. ఫిరోజ్ ఎక్కడెక్కడి వాళ్ళనో తవ్వి తెచ్చేవాడు. కొహిమాలో అక్కచెల్లెళ్ళు. కొచ్చిలో డాబా మీద డ్రమ్ములు వాయించే బ్యాంకు ఉద్యోగి. ఇద్దరి మధ్యా ఒకటే వైరు, కుడి కొస ఫిరోజ్‌కి, ఎడమ కొస రత్నరాజుకి. నచ్చిన పాటని నచ్చిందని ఫిరోజ్ ఎన్నడూ అనలేదు. మాట్లాడకుండా చెయ్యి చాచి సౌండు పెంచేవాడు, అంతే. నచ్చకపోతే మాత్రం మర్యాదగా "బాగుంది బావ" అనేవాడు.

రత్నరాజు ఇన్నేళ్ళలో తనంతట తాను ఒక్క పాటా తేలేదు. ఒకసారి ఇంట్లో ఫిరోజ్ ఇచ్చిన పాటొకటి భార్యకి వినిపించాడు. రోజలిన్ పులుసు కలుపుతూ కాసేపు విని, "ఎవులు పోనారేటి?" అంది. ఆవిడ తప్పేమీ లేదు. కానీ ఆ పూట అతనికి అన్నం దిగలేదు. నచ్చిన పాట పక్కవాడికి వినిపించడమంటే నలుగురిలో చొక్కా విప్పి నిలబడడమే అనిపించింది. ఒంట్లో ఏది వంకరో వాళ్ళకి కనబడిపోతుంది, మనకి తెలీదు.

ఇప్పుడు ఒకటి దొరికింది. వెతికితే దొరికింది కాదు. షేర్ ఆటోలో ఇంటికెళ్తుంటే ఒక పాట అయిపోయాక ఫోను దానంతటదే తెచ్చిపెట్టింది. అక్సా అని గోపాలపట్నం పిల్ల. మేడమీది గదిలో ఒక గిటారుతో పాడుకుంది. మద్దిలపాలెం బస్టాపులో తడిసిన గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి గురించిన పాట. ఎవరికోసం నిలబడిందో పాటలో లేదు. మధ్యలో ఇంటి వెనకనుంచి గూడ్సుబండి వస్తుంది. ఆ చప్పుడు కత్తిరించెయ్యొచ్చు. ఆ పిల్ల కత్తిరించలేదు. పాడడం ఆపి, బండి పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఊరుకుని, మళ్ళీ అందుకుంటుంది. అందుకున్నాక ఆ గొంతు మునుపటి గొంతు కాదు. ఆ ఊరుకున్నంతసేపట్లో ఏదో జరిగిపోయినట్టుంటుంది.

అదే వినిపించాలి. వారాలుగా రోజూ అనుకుంటూనే ఉన్నాడు, రోజూ ఫిరోజ్ తెచ్చిందే విని లేచాడు.

టిప్పర్లు రావడం ఆలస్యమై పని కాస్త ఆగింది. రత్నరాజు రేడియోని సీటు మీద పడేసి సంచిలోంచి ఫోను తీశాడు. క్రేనులో ఫోను కూడదు, అయినా అందరూ తెచ్చుకుంటారు. ఒక్కసారి వినాలి. ఫిరోజ్ చెవితో వినాలి. తేలిపోతుందేమో చూడాలి. ఫోను ఒళ్ళో పెట్టుకుని సన్నగా వదిలాడు. ఫర్వాలేదు. మొదటి చరణం ఫర్వాలేదు. గిటారు కొంచెం శ్రుతి తప్పిందా? ఇన్నాళ్ళూ గమనించలేదే.

కింద మనుషులందరూ ఎందుకో ఆగిపోయారు. బొగ్గు ఊడ్చే పైడితల్లి చీపురు పట్టుకుని తల ఎత్తింది. గూడ్సుబండి వచ్చింది. అప్పుడు తెలిసింది అతనికి. రేడియో బటను తన తొడ కింద నొక్కుకుపోయి ఉంది, పాట అందరి రేడియోల్లోనూ మోగుతోంది.

ఉలిక్కిపడి లాగేశాడు. ఆ వెంటనే షిఫ్టు ఫోర్‌మన్ శ్రీరామ్మూర్తి గొంతు. "ఛానల్ ఎవుడ్రా తొక్కీసినాడు? ఇది పనిసేసే సోటా, పాటల కచేరీయా?"

టిప్పర్ల దగ్గర్నుంచి సాయిశంకర్ అందుకున్నాడు. "సార్, రైలొచ్చీస్తంది. లైను మీంచి తప్పుకోండి."

ఎవరెవరో నవ్వారు. 

"నవ్వులాటేటిరా? ఆ టయాన పంజా గాల్లో ఉండుంటే, ఆగమని ఎలా సెప్తారు? ఎవుడిది ఆ పాట?" శ్రీరామ్మూర్తి అరిచాడు.

రేడియో రత్నరాజు చేతిలోనే ఉంది, బొటనవేలు బటను మీదే ఉంది. నాది. ఒక్క మాట. బటను నొక్కలేదు.

"నాదే సార్," అన్నాడు ఫిరోజ్. "జేబులో బటను నొక్కుకుపోనాది. ఆఖరి రోజు కదా సార్, వొదిలీండి."

"ఆఖరి రోజని డీజే పెట్టించినావేటి? కట్టిపెట్టు."

ముందు హాయిగా ఉంది. చన్నీళ్ళు పోసుకున్నట్టు. ఆ హాయి చల్లారకముందే సిగ్గు వచ్చింది. దాని వెనకాలే, తనే నమ్మలేకపోయాడు, కుళ్ళు. పాట ఇప్పుడు ఫిరోజ్‌ది అయిపోయింది. తన జేబులో ఏ బటనూ నొక్కుకోలేదని ఫిరోజ్‌కి తెలుసు, అంటే ఎవరిదో తెలిసే మోశాడు. తెలిసీ ఏమీ అనలేదు. "బాగుంది బావ" అని కూడా అనలేదు. విన్నది సగమే. రైలు దాకానే. రైలు దాకా అయితే అది మామూలు పాట.

భోజనాల వేళ చెప్పుకోవచ్చు. గోదాము నీడ, ఇయర్‌ఫోన్, కుడి కొస అతనికి. ఈసారి తప్పకుండా.

టిప్పర్లు వచ్చాయి. పంజా దిగింది, లేచింది. "ఎడమకి. దించు. ఆగు." ఫిరోజ్ గొంతులో తేడా ఏమైనా ఉందేమోనని రత్నరాజు ప్రతి మాటనీ తిరగేసి చూసుకున్నాడు. తేడా లేదు. దానికి మరీ భయమేసింది.

భోజనాల వేళకి ముందే వాన పట్టుకుంది. బొగ్గు తడవకుండా ఓడ మూతలు మూయమన్నారు. మూత పడేదాకా క్రేనులోంచి మనిషి దిగకూడదు. 

"ఫిరోజూ, ఈలోగా ఆఫీసుకొచ్చీ," అన్నాడు శ్రీరామ్మూర్తి. "పాసూ రేడియో అప్పగించీసి ఎలిపో. ఈ వాన ఇప్పట్లో తగ్గదు."

కాసేపటికి ఫిరోజ్ గొంతు. "బావ, దిగుతావేటి?"

"దిగనేను కదా. మూత పడాల."

"ఆలీసం అయిపోద్ది బావ. సామాను ఇంకా సర్దనేదు. ఇంటికాడ మదీనా ఫోన్ల మీద ఫోన్లు సేస్తంది."

"ఊఁ."

"మరి ఎలొస్తాను."

"ఎలిరా," అన్నాడు రత్నరాజు. అని, ఇంకేదో అనాలని బటను నొక్కిపట్టి, ఏమీ అనకుండా వదిలేశాడు.

వానలో నారింజరంగు హెల్మెట్ ఓడ మెట్లు దిగింది. పైడితల్లి దగ్గర ఆగింది, ఆవిడ ఏదో అంటే తల ఊపింది, ఆఫీసు షెడ్డు రేకుల కిందికి వెళ్ళి కనబడకుండా పోయింది. అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. కింద ఓడ మూత రెండు వైపుల నుంచీ నెమ్మదిగా దగ్గరకొస్తోంది.

ఇచ్చేసే ఉంటాడా రేడియో? ఇంకా చేతిలోనే ఉందా? తనకి ఎప్పుడూ ఇంతే. అడిగినప్పుడు నోరు రాదు, వచ్చేసరికి అడిగినవాడు ఉండడు. ఇప్పుడు మాట్లాడితే శ్రీరామ్మూర్తి వింటాడు, సాయిశంకర్ వింటాడు, రేపట్నుంచి రైలు రత్నరాజు అంటారు. అననీ. లేదు, అనకూడదు. ఓడ మూత పడింది. పంజా నేల మీద ఉంది. ఇప్పుడు ఛానల్ తొక్కినా ఎవరి ప్రాణం మీదకీ రాదు.

బటను నొక్కాడు.

"ఫిరోజూ. ఆ పాట నాది." గొంతు తనది కానట్టుంది. "అయిపోనేదది. బండి ఎలిపోనాక ఇంకా ఉంది. ఆ పిల్ల పేరు అక్సా. గోపాలపట్నం. ఇను."

ఫోను రేడియోకి ఆనించి పట్టుకున్నాడు. బండి వస్తోంది. బటను మీంచి వేలు తియ్యలేదు. వేలు నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళ మాట తనకి వినబడదు. తిడుతున్నారో, నవ్వుతున్నారో, అక్కడ మనిషే లేడో తెలీదు. బండి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఊరుకుంది. తర్వాత అందుకుంది. రత్నరాజు కళ్ళు మూసుకోలేదు, రేకుల షెడ్డునే చూస్తూ ఉన్నాడు. చివరి తీగ ఆగిపోయాక కూడా కాసేపు అలాగే పట్టుకుని, అప్పుడు వదిలాడు.

ఛానల్లో వాన తప్ప ఏమీ లేదు.

దిగి, తడుస్తూ షెడ్డుకెళ్ళాడు. శ్రీరామ్మూర్తి టిఫిన్ బాక్సులోంచి తల ఎత్తకుండా, "ఎలిపోనాడు," అన్నాడు. గోడకున్న చార్జింగ్ అరలో రేడియోలు వరసగా ఉన్నాయి, ఒక్కటి తప్ప అన్నీ ఆపేసి. చివర ఆకుపచ్చ టేపు చుట్టినది ఫిరోజ్‌ది. అతను దాన్ని ఎప్పుడూ సగం సౌండులోనే వాడేవాడు, అరలో పెట్టే ముందు టక్కుమని ఆపేసి మరీ పెట్టేవాడు. ఇవాళ దాని చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, సౌండు పెంచే మర ఇంక తిరగనంత దాకా తిరిగి ఉంది.