కంపానియాలో రెండో పేరు

ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుతుంటే, వంటగది గుమ్మంలో నిలబడి మా ఆయన రాజశేఖర్ అన్నాడు, “సుప్రజా, మన వార్డు ఆడోళ్ళకు పడింది. నీ పేరు వేస్తాండాం.” అడగలేదు, చెప్పాడంతే. వరండాలో ఆయన మనుషులు టిఫిన్ కోసం కూర్చున్నారు. కౌన్సిలర్ కావాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక. రిజర్వేషన్ అడ్డం వచ్చేసరికి ఇంట్లో ఒక ఆడమనిషి ఉన్నట్టు గుర్తొచ్చింది. మా అత్త కమలాక్షమ్మ బజ్జీల మూకుడు మీంచి తలెత్తకుండానే నాకు ధైర్యం చెప్పింది. “నీకేం పనుండదులేమ్మా. సంతకం పెట్టు, మీటింగులకు వాడే పోతాడు.” మా వైపు ఇదేం వింత కాదు. భార్య గెలుస్తుంది, భర్త కుర్చీలో కూర్చుంటాడు. జనం ఆయన్నే కౌన్సిలరన్నా అని పిలుస్తారు.

నాకు ఒళ్లు మండింది. ముందురోజే నంద్యాలలో, నేను రాజనీతిశాస్త్రం చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, ఇటలీ ప్రాంతీయ ఎన్నికల గురించి పాఠం చెప్పి వచ్చాను. నేపుల్స్ ఉండే కంపానియాలో ఓటరు తనకు నచ్చిన ఇద్దరు అభ్యర్థుల పేర్లు బ్యాలెట్ మీద రాయొచ్చు. అయితే ఒకరు ఆడ, ఒకరు మగ అయి తీరాలి. ఇద్దరూ మగవాళ్లే అయితే రెండో పేరు చెల్లదు. ఆ నియమం వచ్చాక అక్కడి సభలో ఆడవాళ్లు పెరిగారని గొప్పగా చెప్తుంటే, ముందు బెంచీలో అక్షయ లేచింది. “మేడమ్, గెలిచిన ఆడోళ్ళ మొగుళ్ళు మీటింగులకు పోరా ఆ దేశంలో?” క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మా ఊరు ఆళ్లగడ్డకు బస్సెక్కాక సిగ్గేసింది. బోరు ఎక్కడ వేయాలన్నా, పాపను ఏ బడిలో చేర్చాలన్నా మా ఇంట్లో ఇద్దరినీ అడుగుతారు. చెల్లని రెండో మాట ఎప్పుడూ నాదే. ఊళ్లోవాళ్లకు పాఠాలు చెప్పే నోరు ఇంట్లో ఎందుకు పెగలదో నాకే అర్థం కాదు.

ఉగ్గాని ప్లేట్లు వరండాలోకి తీసుకెళ్తే, ఆయన వెనక తిరిగే బాలస్వామి ఫోన్ నా ముందు పెట్టాడు. “వదినా, ఫ్లెక్సీ ఎట్లుందో చూడు.” మా ఆయన చేతులు జోడించి ఫ్లెక్సీ నిండా ఉన్నాడు. కింద మూలన, పెళ్లి ఫోటోలోంచి కత్తిరించిన నా ముఖం. ‘రాజశేఖర్ గారి సతీమణి’ అని పెద్దగా, నా పేరు దానికంటే చిన్నగా ఉంది.

“పోటీ చేస్తాండేది ఎవరు బాలస్వామీ?”

“నువ్వే వదినా. అన్న మొగం చూసి గదా ఓట్లేసేది!”

ప్లేట్లు కింద పెట్టి, వాళ్ల మధ్య ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. “అన్న ఫోటో తీసేయ్. సతీమణి అనేది కూడా తీసేయ్. మీటింగులకు పోయేది నేను, మాట్లాడేది నేను.”

“ఏందీ, పిచ్చి గానీ పట్టిందా? నా మొగం లేకుంటే నీకు ఓట్లు యాడొస్తాయి?” అన్నాడు మా ఆయన. లోపల అత్త మూకుడు దించిన చప్పుడైంది.

భయం వేయలేదంటే అబద్ధం. అయినా ఆపలేదు.

“రాకుంటే నేనే ఓడిపోతా. ఇది నచ్చకపోతే వార్డుకు ఇంకో ఆడమనిషిని చూసుకోండి. ఆమె పక్కన మీ ఫోటో ఎంత పెద్దదైనా వేసుకోండి. ఇండిపెండెంటుగా ఎదురు నిలబడేది మటుకు నేనే.”