మరకల లాకెట్

ఆ లాండ్రీకి వచ్చిపోయేవాళ్ళందరూ ఆమెను హడావుడి అనే పిలుస్తారు. పేరు పెట్టింది ఆమె అన్నయ్య. ముందు చేసేసి తర్వాత ఆలోచించే మనిషికి అంతకంటే తగిన పేరు ఎవరికీ తోచలేదు కాబట్టి యాభై ఏళ్ళు వచ్చినా అదే నిలిచిపోయింది. అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు కౌంటరు దగ్గర హడావుడి, వెనకగదిలో ఇస్త్రీ బల్ల దగ్గర వదిన. పని మాటలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట లేదు.

దీనికంతటికీ కారణం ఒక ఫోను. అన్నయ్య పోయిన రెండు నెలలకు, పాతది ఇస్తే కొత్తది సగం ధరకు ఇస్తామని వీధి చివర బోర్డు పెట్టారు. హడావుడి సంగతి తెలిసిందే కదా, అన్నయ్య ఫోను పట్టుకెళ్ళి ఇచ్చేసి, షాపుకు పనికొస్తుందని కొత్తది తెచ్చి వదినకు గొప్పగా చూపించింది. మీ అన్నయ్యది ఏదీ అని అడిగింది వదిన. జవాబు విని మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. నాలుగు కేకలు వేసి ఉంటే హడావుడి ఐదు వేసేది, రెండు రోజుల్లో అంతా సర్దుకునేది. పోట్లాట ఎలా తీర్చాలో ఆమెకు తెలుసు గానీ ఇదెలా తీర్చాలో తెలియలేదు.

పోయిన వారం దుప్పట్లు మడత పెడుతూ వదిన, నెలాఖరుకి తన అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. బట్టల సబ్బు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. హడావుడికి ఆ పూట ముద్ద దిగలేదు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆమెకు ఇల్లంటే అన్నయ్యా వదినా. ఇప్పుడు వదిన కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో తాళంచెవి తప్ప పలికేది ఏదీ ఉండదు.

అప్పుడే ఆమె కంట పడింది ఆ లాకెట్. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం అద్దాల వెనక, రూపాయి బిళ్ళంత తెర, దానికి సన్న గొలుసు. నొక్కితే ఒక ఫోటో, మళ్ళీ నొక్కితే ఇంకోటి, అలా వంద పడతాయట. దుకాణదారు చెబుతుండగానే ఆమెకు గుర్తొచ్చింది, అన్నయ్య వారం వారం తన ఫోనులోని ఫోటోలను షాపు కంప్యూటరులోకి ఎక్కించేవాడని. పరుగున వచ్చి వెతికితే ఉన్నాయి. అన్నయ్య పేరుతో ఒక ఫోల్డరు, అందులో నాలుగు వేల చిల్లర ఫోటోలు. పోయాయనుకున్నవి కళ్ళ ముందు ఉన్నాయి. తెరిచి చూస్తే కౌంటరు ముందే భోరుమంటానని భయపడి, చూడకుండానే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మొదటి వంద లాకెట్‌లో పెట్టమని దుకాణదారు చేతిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక వెనకగదిలోకి వెళ్ళి డబ్బా వదిన ముందు పెట్టింది. అన్నయ్య ఫోటోలు దొరికాయని, మెడలో వేసుకోవచ్చని, తడబడుతూ చెప్పింది. వదిన చెయ్యి తుడుచుకుని లాకెట్ తీసి నొక్కింది.

తెల్ల చొక్కా కాలరు మీద లిప్‌స్టిక్ గుర్తు.

ఇంకెవరైనా అయితే అది ఎవరి కాలరు అని నిలదీసేవాళ్ళు. వదిన మళ్ళీ నొక్కింది. ప్యాంటు మోకాలి మీద గ్రీజు. మళ్ళీ నొక్కింది. బల్లగుడ్డ మీద సిరా. హడావుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. మరక ముందునుంచీ ఉన్నదా, మీరు చేశారా అని గిరాకీలు గొడవ పెట్టుకోకుండా, ఉతికే ముందు ప్రతి మరకనూ ఫోటో తీయడం అన్నయ్య పద్ధతి. ఫోనులో ఆయన తీసినవి అవే. వదిన మెడలో వేసుకోవాలని తను తెచ్చింది ఊరందరి మురికి.

ఇలా ఇచ్చెయ్ వదినా, మార్పించి తెస్తానని చెయ్యి చాచింది. వదిన ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. ఇది టీచరమ్మ కర్టెను, దీనికి మూడుసార్లు నానబెట్టాం అంది. ఇది డాక్టరుగారి కోటు, పోలేదు, ఆయనే పోనీలే అన్నాడు అంది. హడావుడి వంగి చూసింది. అప్పుడు గానీ ఆమె కళ్ళకు ఆనలేదు. ప్రతి ఫోటోలోనూ మరక పక్కన ఒక వేలు ఉంది. ఇదిగో ఇక్కడ అని చూపిస్తున్న వేలు. ఎప్పుడో మిషను మూతలో పడి కొస వంకరపోయి, గోరు రెండుగా చీలిన అన్నయ్య చూపుడువేలు.

వదిన తెర మీద బొటనవేలితో దాన్ని నిమిరింది. లాకెట్ నొక్కుకుని ఫోటో మారింది. అందులోనూ ఆ వేలే ఉంది.

"గోడ మీద ఫోటో స్టూడియోలో తీయించింది," అంది నెమ్మదిగా. "అందులో ఆయన ఎవరో కొత్త మనిషిలా ఉంటారు. నేను ముప్ఫై ఏళ్ళు చూసింది ఈ వేలినే. ఇది నానబెట్టు, ఇది రుద్దకు, ఇది నీ వల్ల కాదులే నేను చూస్తా అని."

నవ్వబోయింది గానీ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఏడాదిగా ఎవరి ముందూ ఏడవని మనిషి. హడావుడి నేల మీద కూర్చుని వదిన మోకాళ్ళు పట్టుకుంది. బయట ఎవరో గిరాకీ రెండుసార్లు గంట కొట్టి విసుక్కుని వెళ్ళిపోయాడు. జీవితంలో మొదటిసారి హడావుడి ఆ గంటకు లేవలేదు.

"ఫోను ఇచ్చేసే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది," అంది వదిన.

"అడగాల్సింది. తప్పు నాదే. బుద్ధి లేక చేశాను వదినా."

వదిన కళ్ళు తుడుచుకుంది. లాకెట్ వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూసింది. ఇందులో ఎన్ని పడతాయని అడిగింది. వంద అంది హడావుడి. కంప్యూటరులో ఎన్ని ఉన్నాయంటే నాలుగు వేల చిల్లర అని చెప్పింది. వదిన గొలుసు మెడలో వేసుకుని, కొక్కెం అందక హడావుడి వైపు వీపు తిప్పి కూర్చుంది. హడావుడి చేతిలో కొక్కెం రెండుసార్లు తప్పింది, మూడోసారికి పడింది.

"నెలకోసారి ఇవి తీసేసి కొత్త వంద పెట్టాలి," అంది వదిన అటు తిరిగే ఉండి. "నాకు ఆ కంప్యూటరు రాదు. నువ్వే మార్చాలి."

హడావుడి మనసులో లెక్క వేసుకుంది. ఎప్పుడూ లేనిది, ఒకటికి రెండుసార్లు వేసుకుంది.

"అన్నీ అయ్యేసరికి మూడేళ్ళ పైనే పడుతుంది వదినా," అంది.

"పడనీ," అంది వదిన.