సగం దూరిన సెన్సర్

ఆసుపత్రి వెనకాల, ఉతుకు గదిని ఆనుకుని ఉన్న బాయిలర్ గదిలోకి మెకానిక్ మొదటిసారి అడుగుపెట్టిన సోమవారం అతను తెల్లచొక్కాలో వచ్చాడు. గోడలకి సైతం నూనె వాసన పట్టేసిన ఆ గదిలోకి ఇస్త్రీ మడత నలగకుండా వచ్చిన మనిషిని చూసి ఉతుకు గది ఆడవాళ్లు కిటికీ దగ్గర మూగి ముసిముసిగా నవ్వుకున్నారు. చంకలో కొత్త పెట్టె, గంటకోసారి టీ అడగడం చూసి, అందరికంటే పెద్దదని వాళ్లు అక్క అని పిలిచే ఆమె అతనికి మధ్యాహ్నానికల్లా 'పెట్టె అల్లుడు' అని పేరు పెట్టేసింది.

ఆ బాయిలర్‌ని ఇరవై ఆరేళ్లుగా చూసుకుంటున్న ముసలాయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు. ఆయన కంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. బర్నర్ అంటుకునే చప్పుడు విని నూనెలో నీరు కలిసిందో లేదో చెప్పగలిగే మనిషి. ఇన్నాళ్లూ నీళ్లు ఎంత కాగాలో, మంట ఎప్పుడు ఆపాలో ముల్లు మీటరు చూసి ఆయనే చేత్తో చేసేవాడు. ఇకమీదట ఆ పని మెకానిక్ తెచ్చిన పెట్టె చేస్తుంది. నీళ్లు అరవై డిగ్రీలకి రాగానే బర్నర్‌ని అదే ఆపుతుంది, చల్లబడగానే అదే వెలిగిస్తుంది. నూనె ఖర్చు తగ్గుతుందని ఆసుపత్రి సూపరింటెండెంటు దాన్ని తెప్పించింది.

"ఈ పెట్టెని నేను నమ్మనమ్మా," అని బాబాయ్ ఆవిడ మొహం మీదే అనేశాడు. "ఈ బాయిలర్ అలకలు నాకు తెలుసు. పెట్టెకేం తెలుసు?"

మెకానిక్ పెట్టెను గోడకి బిగించాడు, బర్నర్ వైర్లు కలిపాడు. అంతా చకచకా అయిపోయింది. చిక్కంతా సెన్సర్ దగ్గరే వచ్చింది. పాత ముల్లు మీటరు తీసేసి, అది ఉన్న ఇత్తడి గొట్టంలోకే సెన్సర్ కడ్డీని దూర్చాలి. ఆ గొట్టం కొస బాయిలర్ నీళ్ల మధ్యకి వెళ్లి ఆగుతుంది కాబట్టి, కడ్డీ కొస దాకా వెళితేనే నీళ్ల వేడి దానికి తెలిసేది. కడ్డీ సగం దాకా వెళ్లి ఠక్కున ఆగిపోయింది. తిప్పాడు, నొక్కాడు. కదల్లేదు.

"లోపల ఎప్పటిదో గ్రీజు, తుప్పు కలిసి రాయి అయిపోయింది బాబూ," అన్నాడు వెనక నిలబడ్డ బాబాయ్. "డ్రిల్లు పెడితే చిల్లు పడుతుంది. గొట్టమే మార్చాలి. చల్లార్చి, నీళ్లు దించి, మార్చి, మళ్లీ నింపుకోవాలి. అరపూట పని. నేను కూడా ఒక చెయ్యి వేస్తాలే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెకానిక్‌కి అది తెలుసు. కానీ పెట్టెను నమ్మనన్న మనిషి దగ్గర పాఠం నేర్చుకోవడానికి అతనికి మనసొప్పలేదు. పైగా నాలుగింటికి ఇంకోచోట పని ఒప్పుకున్నాడు.

"అక్కర్లేదు బాబాయ్. సగం వెళ్లినా చాలు. ఇవి చాలా సున్నితమైనవి," అన్నాడు, బిగింపు స్క్రూ తిప్పుతూ.

పూర్తి చేసిన పని కాగితంలో 'సెన్సర్ పూర్తిగా అమర్చబడింది, పరీక్షించబడింది' అనే గడి ఉంది. ఒక్క క్షణం పెన్ను దాని మీద ఆగింది. తర్వాత టిక్కు పెట్టేసి సంతకం చేశాడు. పెట్టెని ఎవరూ ముట్టుకోకూడదని సూపరింటెండెంటుతో చెప్పించి వెళ్లిపోయాడు.

గురువారం బాబాయ్ ఫోన్ చేశాడు.

"బాబూ, పెట్టె అరవై అనే చూపిస్తోంది. బయటికెళ్లే గొట్టం మీద మాత్రం చెయ్యి పెట్టలేకపోతున్నా. అరవైకి ఇంత చురుకు ఉండదు."

మెకానిక్ అప్పుడు వేరే చోట నిచ్చెన మీద ఉన్నాడు. సగంలో ఆగిన కడ్డీ గుర్తొచ్చింది. అయినా నోరు మాత్రం వేరే మాట అంది. "గొట్టం వేడి వేరు, నీళ్ల వేడి వేరు బాబాయ్. కొత్తది కదా, అలవాటు పడాలి. సోమవారం అటొచ్చినప్పుడు చూస్తాలే."

"సరే, నువ్వు చదువుకున్నవాడివి," అన్నాడు బాబాయ్. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అనేశాడు.

ఆదివారం ఉతుకు గదికి సెలవు. నీళ్లు వాడేవాళ్లు లేరు. గొట్టంలో సగంలోనే ఆగిన సెన్సర్‌కి అసలు వేడి అందక, పెట్టె అరవై అని చూపేసరికి నీళ్లు తొంభై దాటేదాకా బర్నర్ వెలుగుతూనే ఉంది. ప్రమాదం వస్తే ఆపడానికి విడిగా ఉన్న పాత స్విచ్చు తొంభై అయిదుకి గానీ పడదు. సోమవారం ఉదయం అక్క నానబెట్టే తొట్టిలో దుప్పట్లు వేసి, ఎప్పట్లాగే వేడినీళ్ల కుళాయి తిప్పి, రబ్బరు తొడుగులు వేసుకున్న చేతులతో లోపలికి నొక్కింది. నీళ్లు తొడుగు అంచు దాటి లోపలికి దిగాయి. కుడిచేతి తొడుగు వెంటనే ఊడి రాలేదు. ఆమె అరుపుకి పై అంతస్తు నర్సులు పరుగెత్తుకొచ్చారు. ఆసుపత్రిలోనే ఉండబట్టి వైద్యం క్షణాల్లో అందింది గానీ, చర్మం అప్పటికే తొడుగుతో పాటు వచ్చేసింది.

కబురందుకుని మెకానిక్ వచ్చేసరికి సూపరింటెండెంటు బాయిలర్ గది గుమ్మంలో నిలబడి ఉంది. బాబాయ్ ఓ మూల గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. పెట్టె మీద అరవై అనే ఉంది. మెకానిక్ ఎవరికీ కనబడకుండా వీపు అడ్డం పెట్టి వంగి సెన్సర్ బయటికి లాగాడు. కడ్డీకి సగం దాకా నల్లటి మరక, మిగతా సగం కొత్త గిన్నెలా తళతళ. చదవడం రానివాడికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. అతను జేబులోంచి గుడ్డ తీసి ఆ మరక తుడిచేశాడు.

"ఏమైంది?" అంది సూపరింటెండెంటు. "అరవై అని పెడితే నీళ్లు ఎలా మరిగాయి? ఎవరైనా తిప్పారా?"

"చెప్పలేమండీ." అతను గుడ్డను జేబులో దోపుకున్నాడు. "ఎవరైనా తిప్పి, మళ్లీ యథాస్థానంలో పెట్టి ఉండొచ్చు."

అతను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కూడా. ఆ గదిలో ఉండేది ఒక్కడే. ఆవిడ మెల్లగా మూలకి తిరిగింది. "పెట్టెని నమ్మనని అన్నది నువ్వే కదూ?"

బాబాయ్ నోరు తెరిచాడు, మెకానిక్ వైపు చూశాడు. ఫోన్ సంగతి చెప్పేస్తాడనుకున్నాడు మెకానిక్. బాబాయ్ చేతిలోని నూనె గుడ్డను మడిచి బల్ల మీద పెట్టి, తాళాలు దాని మీద ఉంచి బయటికి నడిచాడు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు.

ఆ మధ్యాహ్నమంతా మెకానిక్ ఒక్కడే పని చేశాడు. బాయిలర్ చల్లార్చి, నీళ్లు దించి, ఇత్తడి గొట్టం మార్చి, సెన్సర్‌ని కొస దాకా దూర్చి, మళ్లీ నింపాడు. సరిగ్గా అరపూట పట్టింది. బయటికెళ్లే గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాడు. ఈసారి వేడిగా ఉంది గానీ, చెయ్యి నిలిచింది. తప్పు తుడిచిపెట్టుకుపోయింది. దానికి సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోయింది.

అలా అనుకున్నాడే గానీ, తొమ్మిది రోజులు అతనికి ముద్ద దిగలేదు. "ఏమైందండీ, అన్నం కెలుకుతున్నారు?" అని భార్య అడిగితే అరగలేదన్నాడు. పిల్లకి స్నానానికి వేడినీళ్లలో చన్నీళ్లు తొరపమంటే, బకెట్టులో వేలు పెట్టి చూడటానికి కూడా వెనకాడాడు. పనిలో ఏ బాయిలర్ దగ్గర నిలబడినా వెనక ఎవరో ఉన్నట్టుండేది. నేను అబద్ధమేం చెప్పలేదు, 'ఉండొచ్చు' అన్నానంతే, అని తనకి తానే నచ్చజెప్పుకునేవాడు. ఆ 'ఉండొచ్చు' ఎంత తెలివిగా దొర్లిందో తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు ముడుచుకుపోయేది.

పదో రోజు సాయంత్రం బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. వెళ్లి ఏం చెప్పాలో తేల్చుకోలేదు. ఎలా ఉన్నారో చూసి వచ్చేద్దామని మాత్రం అనుకున్నాడు. ఇరుకు మెట్లెక్కితే రెండు గదుల ఇల్లు. బాబాయ్ కిటికీ పక్కన కూర్చుని ఆపిల్ పండు చిన్నచిన్న ముక్కలు కోస్తున్నాడు.

"రా బాబూ, రా. అక్క ఇంటికి పట్టుకెళదామని. ఎడమ చేత్తో కోసుకోలేదు కదా పాపం. రోజూ వెళుతున్నా," అన్నాడు. గడ్డం మాసిపోయింది. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. కుర్చీ చూపించి, తనూ దగ్గరికి జరిగాడు. "నువ్వు రావడం మంచిదైంది. నిన్నొకటి అడగాలని ఉంది. నిజం చెబుతావా?"

మెకానిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. "అడగండి."

"ఆ పెట్టెలో ఏ బటన్ తగిలితే నీళ్లు అంత కాగుతాయి?"

"ఏంటి బాబాయ్?"

"శనివారం సాయంత్రం దాని మీద దుమ్ము తుడిచానయ్యా. ముట్టుకోవద్దన్నారు, తెలుసు. కానీ కళ్లెదురుగా దుమ్ము ఉంటే నాకు తోచదు. గుడ్డతో ఇలా ఒక్కసారి తుడిచా." గాలిలో చేత్తో చూపించాడు. "అప్పుడే ఏదో నొక్కుకుని ఉంటుంది. ముందు నీకు ఫోన్ చేశా కదా, నువ్వు బాగానే ఉందన్నావు. అంటే అప్పటికి బాగానే ఉన్నట్టే. ఆ తర్వాత పాడు చేసింది నేనే. ఇరవై ఆరేళ్లలో ఒక్కరికి గోరు కాలనివ్వలేదు నేను. ఇప్పుడు ఇంట్లో స్టవ్ వెలిగించాలన్నా భయమేస్తోంది. ఆపానో లేదోనని నాలుగుసార్లు చూసుకుంటున్నా. వయసైపోయింది కదూ?"

మెకానిక్ ఇన్నాళ్లూ బాబాయ్‌కి తన మీద కోపం ఉంటుందని భయపడ్డాడు. తిడతాడనీ, నలుగురిలో నిలదీస్తాడనీ ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఆ ముసలాయన ఒక్కమాట అనకుండా నేరాన్ని ఎత్తుకుని తన నెత్తిన పెట్టుకుంటాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఆయన ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. తన చేతుల మీద తనకే నమ్మకం పోవడం ఇంకో ఎత్తు.

"గుడ్డ కాదు బాబాయ్," అన్నాడు. "ఆ బటన్లు గట్టివి, గుడ్డ తగిలితే నొక్కుకోవు. సెన్సర్ సగమే దూరింది. మీరు చెప్పినా వినలేదు. మీరు ఫోన్ చేసినప్పుడు కూడా నాకు తెలుసు. ఆ రోజు కడ్డీ మీద మరక తుడిచేశాను. కాగితంలో అబద్ధం రాశాను. సూపరింటెండెంటుతో మీరు తిప్పారనుకునేలా మాట్లాడాను."

బాబాయ్ కత్తిని పళ్లెంలో పెట్టాడు.

"అయితే నా గుడ్డ కాదా?"

"కాదు."

"నేను తిప్పలేదా?"

"లేదు బాబాయ్."

ఆయన కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ మొహంలో ముందు కనిపించింది కోపం కాదు, తేలిక. తర్వాతే కోపం వచ్చింది. పళ్లెం పక్కకి నెట్టి లేచి, మెకానిక్ చొక్కా కాలరు పట్టుకున్నాడు.

"పది రోజులురా! పది రోజులు అక్క మంచం పక్కన కూర్చుని, నన్ను క్షమించమని ఏడ్చాను! అదేమో 'నువ్వు చెయ్యవు బాబాయ్, నువ్వు చెయ్యవు' అని నన్నే ఊరుకోబెట్టింది. నువ్వెక్కడున్నావురా అప్పుడు?"

బాబాయ్ కాలరు వదిలేసి అతన్ని ఎగాదిగా చూశాడు. "పొద్దున్నే ఎనిమిదింటికి ఆసుపత్రికి రా. రాకపోతే నేను నీ ఇంటికొస్తా."

మర్నాడు మెకానిక్ ఎనిమిదికి ముందే వెళ్లాడు. సూపరింటెండెంటు ఎదురుగా జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విని, తెల్లకాగితం, పెన్ను ముందుకు తోసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తను ఒక్కసారి తొందరపడ్డాననీ, అది ఇదేననీ ఆవిడ ఆ తర్వాత బాబాయ్‌తో అంది. మెకానిక్ రాసి సంతకం చేశాడు. ఒక ప్రతి అతని కంపెనీకి వెళ్లింది. బయట పనులకి వెళ్లే అనుమతి వాళ్లు ఆరునెలలు తీసేసి అతన్ని గోదాములో కూర్చోబెట్టారు. అక్క వైద్యం, సెలవు రోజుల జీతం కంపెనీయే భరించింది. బాబాయ్‌కి తాళాలు తిరిగిచ్చారు.

రాసిన కాగితాన్ని సూపరింటెండెంటు బాబాయ్‌కి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. "నాకెందుకమ్మా? నన్ను అనుమానంగా చూసింది ఉతుకు గదిలో వాళ్లు. వాళ్లకి వినిపించమనండి. రాసినవాడే చదవాలి."

ఉతుకు గదిలో మెషిన్లు ఆపించారు. పదకొండు మంది చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. అక్క కూడా ఆ రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చి, కుడిచెయ్యి గుండెకి ఆనించి పట్టుకుని బల్ల మీద కూర్చుంది. మెకానిక్ చదవడం మొదలుపెట్టాడు. 'సెన్సర్ సగమే దూరిందని తెలిసి కూడా' దగ్గర ఆగిపోయాడు. ఎవరూ అతన్ని ఊరడించలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. అతను మళ్లీ మొదటినుంచి చదివాడు, ఈసారి ఆగకుండా చివరిదాకా.

చదవడం అయ్యాక అక్క దగ్గరికి వెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు. "నన్ను క్షమించక్కా."

"ఇప్పుడే అడక్కు," అంది ఆమె. "కట్టు విప్పినప్పుడల్లా నాకు ఏడుపొస్తోంది. అది తగ్గాక చూద్దాం." తర్వాత బాబాయ్ వైపు తిరిగి, "చెప్పానా, నువ్వు కాదని? ఇంక ఆ గడ్డం గీయించుకో. చూడలేకపోతున్నాం," అంది.

బాబాయ్ గడ్డం తడుముకున్నాడు. ఎవరో ఫక్కున నవ్వారు. అక్క మెకానిక్‌ని ఇంకోసారి చూసి, మొహం తిప్పుకుని గదంతా వినబడేలా అరిచింది.

"ఏం చూస్తున్నారు అందరూ? మెషిన్లు వెయ్యండి. పైన వార్డులో దుప్పట్లు లేక రోగులు కాచుక్కూర్చున్నారు."