ఖాళీ కడుపుతో ప్రయాణం

ఒక్క మాట చెప్పండి: దారిలో చేప చచ్చిపోతే, ఆ సంచికి ఆఖరున రబ్బరుబ్యాండు వేసిన చేతిదేనా నేరం?

వన్ టౌన్‌లో పుల్లయ్యగారి రంగుచేపల కొట్లో అందరూ అలాగే అన్నారు. ఆ చెయ్యి నాగలక్ష్మిది. రోజూ సంచిలో మూడోవంతు తొట్టి నీళ్లు పోసి, చేపల్ని వదిలి, మిగతాదంతా ఆక్సిజన్ నింపి, మూతి మెలితిప్పి బిగించేది. చిన్నచేపలు ఇరుక్కోకుండా మూలలు మడిచి టేపు వేసేది. ఆ పని చేసినంతసేపూ పెదవి విప్పేది కాదు. నీళ్లు విన్న మాటను దాచుకుని, సంచి విప్పగానే చెప్పేస్తాయని బజారంతా ఎరిగిందే. కిందటేడు పుల్లయ్యగారు తొట్టి పక్కన నిలబడి ఆటోవాణ్ణి తిట్టిన తిట్లు, కంకిపాడులో ఓ పెళ్లివారింట వినపడ్డాయి.

ఈమధ్య మైలవరం పంపిన చేపలన్నీ చచ్చి తేలుతున్నాయి. అక్కడ కొనే కృపగారు చచ్చినవాటి సంచులు విప్పకుండానే పారేసేవారు. ఈసారి థర్మాకోల్ పెట్టెను అలాగే బస్సులో వెనక్కి పంపేశారు.

"నీ చేతిలో ప్రాణం నిలవట్లేదమ్మాయ్," అన్నారు పుల్లయ్యగారు. "రేపట్నుంచి రావద్దు."

"కట్టే ముందురోజు నుంచే మేత ఆపమన్నాను బాబాయిగారూ. ఆపారా?"

"ఆపాను. నా మీదకే తిప్పుతున్నావా? భలేదానివే!"

ఈ పని పోతే నాగలక్ష్మి మళ్లీ రొయ్యల షెడ్డులో తలలు తుంచాలి. తాతముత్తాతలంతా చేపల్ని పట్టి అమ్మినవాళ్లే. బతికించి పంపింది తనొక్కతే.

"సంచి విప్పండి," అంది. "నీళ్లనే అడుగుదాం."

పుల్లయ్యగారు విసురుగా రబ్బరుబ్యాండు లాగారు. కుళ్లువాసన గుప్పుమంది. వెనకే నీళ్లలోంచి ఆయన భార్య మాణిక్యమ్మగారి గొంతు, ఎంతో మెత్తగా:

"తినండమ్మా, తినండి. అంత దూరం వెళ్లేవాళ్లను పస్తు పంపిస్తామా? ఆయనకు తెలీదులే."

అప్పుడే భోజనం క్యారేజీతో గుమ్మంలోకి వచ్చిన మాణిక్యమ్మగారు, తన గొంతు తనే విని ఆగిపోయారు.

"నువ్వా?" అన్నారు పుల్లయ్యగారు.

"పొద్దున్నే దీపం పెట్టడానికి వస్తాను కదండీ, అప్పుడు ఓ గుప్పెడు... మా ఇంట్లోంచి ఎవరూ ఖాళీ కడుపుతో గడప దాటలేదు."

"ఆకలికి ఓర్చుకుంటాయి పిన్నిగారూ. తిన్నది మళ్లీ ఆ కాసిని నీళ్లలోకేగా వచ్చేది! ఆ విషంలోనే..." నాగలక్ష్మి ఆపేసింది. వాదనైతే గెలిచింది. కానీ ఎదురుగా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

పుల్లయ్యగారు గొంతు సవరించుకున్నారు. "రేపు పెందలాడే రా అమ్మాయ్. మైలవరం పెట్టె మళ్లీ కట్టాలి."

"వస్తాను. పిన్నిగారూ రావాలి. మేత వద్దు పిన్నిగారూ, దాని బదులు మాట పెట్టండి."

మర్నాడు మాణిక్యమ్మగారు తొట్టిమీదకు వంగి చాలాసేపు మాట్లాడారు. నాగలక్ష్మి నోరు మెదపకుండా కట్టింది. ఒక్క చేపా పోలేదని సాయంత్రం కృపగారు ఫోన్ చేశారు. "ఆ పెద్దావిడ ఎవరండీ?" అని కూడా అడిగారు.

కాబట్టి మీ ఇంటికి అలాంటి సంచి వస్తే గబుక్కున కుమ్మరించకండి. ముందు మీ తొట్టి నీళ్లలో కాసేపు తేలనివ్వండి. తర్వాత విప్పి, చెవి పెట్టండి. "పాపం, ఏమీ తినకుండా వచ్చాయి. ఇవాళ్టికి కుదురుకోనిచ్చి, రేపు పొద్దున్నే కాస్త పెట్టండి," అని ఆవిడ మీకే చెబుతుంది.

పెట్టండి.