పన్నెండు దాకా నింపిన కాగితం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇదే. నా ఎల్సా ఊపిరందక గింజుకుంటుంటే, పక్కనున్నవాళ్లు "చూశాం, బాగానే ఉంది" అని కాగితం మీద రాసి వెళ్లిపోవడం.

ఎల్సాకి పదినెలలు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. మా ఆయన ఎలియాజర్ నవ్వుతాడు. ఈ భయం నాకు పోలీసు స్టేషన్లో అంటుకుంది.

ఎనిమిదితో చదువు ఆగిపోయినదాన్ని. ఆస్ట్రేలియాలో డార్విన్ నగరానికి దూరంగా ఉన్న ఈ ఊళ్లో లాకప్పు తుడిచే పని దొరికింది. ఎనభైతొమ్మిదిలో ఒకనాటి పొద్దున, తొమ్మిదింటికి, రెండో గదిలో ఒక ఆదివాసీ పెద్దాయన గోడకి ఒరిగి రొప్పుతున్నాడు. తలుపుకి వేలాడే కాగితంలో పావుగంటకోసారి "చూశాం, బాగున్నాడు" అని రాయాలి. పన్నెండు దాకా అప్పుడే రాసేసి ఉంది.

"సార్, ఇంకా తొమ్మిదే కదా?" అన్నాను.

"చదవడం కూడా వచ్చా నీకు?" అన్నాడు కానిస్టేబుల్, టీ కప్పు దించకుండా. "తాగి పడ్డాడు. నీ బకెట్ సంగతి చూసుకో."

"ఊపిరాడట్లేదండీ, డాక్టర్ని..."

"ఓహో, డాక్టరమ్మా!" పక్కవాడు పగలబడి నవ్వాడు.

పదకొండున్నరకి చచ్చిపోయి కనిపించాడు. పావు తక్కువ పన్నెండుకి కూడా బాగున్నాడనే ఉంది కాగితంలో.

విచారణవాళ్లు రాకముందే గది కడగమన్నారు. ఫినాయిల్ పోసి మూలమూలా రుద్దాను, పని బాగా చేస్తే మెచ్చుకుంటారని! ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

లాకప్పు చావుల మీద ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. "నోరు మూసుకోవే, మన వీసా కాగితాలు ఇంకా తేలలేదు," అన్నాడు ఎలియాజర్. అయినా వెళ్లి చూసిందంతా చెప్పాను. చివరికి స్టేషన్ పెద్దలు తేల్చిందేమిటి? రికార్డు రాయడంలో లోపమట. చచ్చింది మనిషి, లోపం కాగితానిది! ఆ కానిస్టేబుల్ అదే బల్ల దగ్గర అదే కప్పులో తాగుతున్నాడు. పని పోయింది నాకు.

పోయినాయన చెల్లెలు డొరీన్ మా గుమ్మంలో కూర్చుని ఎల్సాని ఆడించేది. పోయినవాళ్ల పేరు తమవాళ్లు పలకరని ఆమే చెప్పింది. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయలేదు.

ఇవాళ పొద్దున డొరీన్‌ని పోలీసులు పట్టుకెళ్లారు. ఆమెకి షుగర్. ఇంజెక్షన్ తీసుకుని పరిగెత్తితే స్టేషన్ గుమ్మంలోనే ఆపేశారు. కుర్చీలోంచి లేవకుండానే, కాగితం కేసి చూసి, "బాగానే ఉంది, పో," అన్నారు.

ఈ ఉత్తరం చర్చిలో ఆంటీల చేతికిస్తున్నాను. చదివినవాళ్లు ఎవరైనా సరే, ఇప్పుడే స్టేషన్‌కి వెళ్లండి. కాగితం చూపిస్తే చూడకండి. ఆమె బతికున్న మనిషి, పేరు పెట్టి పిలవొచ్చు. తలుపు దగ్గర నిలబడి "డొరీన్" అని పిలవండి. పలికేదాకా కదలకండి.